లెక్క చెప్పిన సీఎం.. లెక్క అడిగిన ఛైర్మన్: కేబీఆర్ పార్క్ పేరు వెనకున్న నేత కథ

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ తెలియనివాళ్లు ఉండరు. జూబ్లీహిల్స్‌లో పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లకు, ఆ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకు ఆ మూడక్షరాలు నోట్లో నానుతూనే ఉంటాయి. కానీ కేబీఆర్ అంటే కాసు బ్రహ్మానందరెడ్డి అని ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లు కూడా మాజీ ముఖ్యమంత్రి అని చెప్పి ఊరుకుంటారు. ఆయన కెరీర్‌లో పెద్దగా ఎవరూ మాట్లాడుకోని ఘట్టం ఇంకొకటి ఉంది. ప్రజల డబ్బు ఎక్కడ ఖర్చయిందన్న ప్రశ్నకు ముఖ్యమంత్రిగా ఆయన సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి దేశంలోని రాష్ట్రాలన్నింటినీ అదే ప్రశ్న అడిగే కుర్చీలో ఆయనే కూర్చున్నారు. ఆ రెండు పాత్రల కథే ఇది.

నరసరావుపేట నుంచి..

కాసు బ్రహ్మానందరెడ్డి 1909 జులై 28న నరసరావుపేట ప్రాంతంలోని రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న నరసరావుపేట ఇప్పుడు పల్నాడు జిల్లా కేంద్రం. ఇవాళ ఆ చుట్టుపక్కల ఎటు చూసినా పత్తి, మిర్చి. ఆ రోజుల్లో మాత్రం కాలువ నీళ్లు లేవు. నల్లరేగడి నేలే అయినా వానే దిక్కు. కురిస్తే పంట.. లేదంటే అప్పు. కృష్ణా నది జిల్లా అంచునే పారుతున్నా పల్నాడు పొలాలకు చుక్క నీరు ఎక్కేది కాదు.

మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత లా చదివారు. జాతీయోద్యమం నడుస్తున్న రోజులవి. ప్రకాశం పంతులు లాంటి నేతల ప్రభావంతో కాంగ్రెస్‌లోకి వచ్చారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. 1946లో మద్రాసు శాసనసభలో అడుగుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మంత్రిగా పనిచేశారు. నీలం సంజీవరెడ్డి ప్రభుత్వంలో ఆర్థికశాఖ కూడా చూశారు. అంటే ముఖ్యమంత్రి కాకముందే ఖజానా తాళాలు ఆయన చేతికి వచ్చాయి. ఏ శాఖ ఎంత అడుగుతుంది, ఎంత ఇస్తే సరిపోతుంది, చెప్పిన పనికి కాకుండా డబ్బు ఎటు జారిపోతుంది.. ఇవన్నీ అక్కడే వంటబట్టాయి.

1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలతో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఫిబ్రవరి 29న బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1971 సెప్టెంబరు 30 వరకు.. అంటే ఏడేళ్ల ఏడు నెలలు ఆ కుర్చీలో ఉన్నారు. ఆ తర్వాత చంద్రబాబు నాయుడు వచ్చేదాకా ఉమ్మడి రాష్ట్రంలో అంతకాలం ఏకబిగిన సీఎంగా ఉన్నవాళ్లు లేరు.

నీళ్లొచ్చాయి.. అప్పులూ వచ్చాయి

ఆ ఏడేళ్లలో గుంటూరు, ఒంగోలు ప్రాంతాల ముఖచిత్రాన్ని మార్చింది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అప్పుడు సీఎం బ్రహ్మానందరెడ్డే. కుడి కాలువ కింద పల్నాడు నుంచి ఒంగోలు వైపు దాకా వాన కోసం ఆకాశం వైపు చూసిన పొలాలకు క్రమంగా నీళ్లందాయి. ఇవాళ గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే టిక్కీల వెనక ఆ కాలువ కూడా ఉంది.

గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు విడదీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసింది కూడా ఆయన ప్రభుత్వమే. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. అదే ఏడాది విశాఖ ఉక్కు కోసం ఆందోళన పెద్దఎత్తున సాగింది. గుంటూరు జిల్లా నేత అమృతరావు నిరాహార దీక్షకు దిగారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ మరక కూడా ఆయన ప్రభుత్వం మీదే పడింది.

భారీ ప్రాజెక్టులు ఊరికే రావు. అప్పట్లో రాష్ట్రాలు ఆనకట్టలకు, కరెంటు ప్లాంట్లకు కేంద్రం దగ్గరే ఎక్కువగా అప్పు తెచ్చుకునేవి. కాలువలో నీళ్లు పారి, పంట పండి, పన్ను రూపంలో డబ్బు తిరిగొచ్చేలోపే వడ్డీ మీటరు తిరిగేది. పాత అప్పు కిస్తీ కట్టడానికి కొత్త అప్పు.. అది కూడా చాలకపోతే రిజర్వ్ బ్యాంకు దగ్గర ఓవర్‌డ్రాఫ్ట్. చాలా రాష్ట్రాలది ఇదే పరిస్థితి. ఈ బాధ ఎలా ఉంటుందో ముఖ్యమంత్రిగా బ్రహ్మానందరెడ్డికి బాగా తెలిసొచ్చింది.

1969: ఆడిట్ గుమ్మం తొక్కిన ఏడాది

ఆయన పాలనలో అతిపెద్ద సంక్షోభం 1969 తెలంగాణ ఉద్యమం. ఉద్యోగాలు, ముల్కీ నిబంధనల ఉల్లంఘన అందులో ఒక భాగం. రెండోది నిధుల లెక్క.

1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఒక షరతు ఉంది. సచివాలయం లాంటి ఉమ్మడి పాలనా ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషా ప్రకారం భరించాలి. అది పోగా తెలంగాణ ఆదాయంలో మిగిలిన డబ్బును తెలంగాణ అభివృద్ధికే వాడాలి. అప్పట్లో తెలంగాణలో ఎక్సైజ్ ఆదాయం ఎక్కువ. ఆంధ్ర ప్రాంతంలో మద్యనిషేధం ఉండటంతో ఆ రాబడి లేదు. అందుకే విలీనానికి ముందే మా డబ్బు మాకు ఉంటుందా అన్న అనుమానం తెలంగాణలో ఉంది. ఆ అనుమానం తీర్చడానికే ఈ షరతు పెట్టారు.

పన్నెండేళ్లు గడిచాయి. ఆ మిగులు డబ్బు తెలంగాణలో ఖర్చు పెట్టలేదన్నది ఉద్యమకారుల ఆరోపణ. ఆ డబ్బు ఎంత? ప్రభుత్వం ఒక అంకె చెబితే తెలంగాణ నేతలు అంతకు ఎన్నో రెట్లు చెప్పారు. ఎవరి మాట నమ్మాలి? 1969 జనవరిలో జరిగిన అఖిలపక్ష సమావేశం దీనికి ఒక దారి కనిపెట్టింది. రాష్ట్ర ప్రభుత్వ అధికారులు కాకుండా, కాగ్ నియమించే సీనియర్ అధికారి ఈ లెక్క తేల్చాలని నిర్ణయించారు.

కాగ్ అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాజ్యాంగంలోని 148వ అధికరణ కింద వచ్చే పదవి. ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చూసే వాచ్‌డాగ్. అలా వచ్చిన అధికారే కుమార్ లలిత్. 1956 నవంబరు 1 నుంచి 1968 మార్చి 31 దాకా పద్దులన్నీ చూసి, తెలంగాణ మిగులు 34.10 కోట్ల రూపాయలని తేల్చారు.

చూడటానికి అది ఒక అంకె. కానీ దాని బరువు వేరు. ఒక రాష్ట్ర ప్రభుత్వం తన ప్రజల్లో ఒక భాగానికి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదని, బయట నుంచి వచ్చిన ఆడిటర్ అంకెల్లో రాసిచ్చిన సర్టిఫికెట్ అది.

అక్కడితో గొడవ ఆగలేదు. ఏప్రిల్ 11న ప్రధాని ఇందిరాగాంధీ లోక్‌సభలో అష్టసూత్ర పథకం ప్రకటించారు. అందులో మొదటి అంశమే మిగులు నిధులు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ నాయకత్వంలో కమిటీ వేశారు. ఆర్థికవేత్తతో పాటు కాగ్ తరఫు ప్రతినిధికి కూడా అందులో చోటిచ్చారు. ఆ కమిటీ లెక్క 28.34 కోట్లు. ఇద్దరి మధ్య తేడా దాదాపు ఆరు కోట్లు. ఉమ్మడి ఖర్చులో ఏది ఎవరి వాటా కింద రాయాలి, ఏ పద్దు ఏ ప్రాంతానిది అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కానీ ఒక విషయంలో రెండు నివేదికలూ కలిశాయి. మిగులు ఉంది.. అది తెలంగాణకు ఖర్చు కాలేదు.

ఈలోగా వీధుల్లో జరగాల్సిన నష్టం జరిగిపోయింది. కాలేజీలు మూతపడ్డాయి. పోలీసు కాల్పుల్లో కుర్రాళ్లు చనిపోయారు. ఆ ఏడాది జూన్‌లో బ్రహ్మానందరెడ్డి రాజీనామాకు సిద్ధపడ్డా అధిష్ఠానం కొనసాగమంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజాసమితి 14 సీట్లలో 10 గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరు 30న బ్రహ్మానందరెడ్డి తప్పుకొన్నారు. ఆయన స్థానంలో తెలంగాణ నేత పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు.

కుర్చీ మారింది.. ప్రశ్న మారలేదు

మామూలుగా అయితే ఒక ముఖ్యమంత్రి కథ ఇక్కడితో ముగుస్తుంది. బ్రహ్మానందరెడ్డి విషయంలో మాత్రం 1972లో అనుకోని మలుపు వచ్చింది. కేంద్రం ఆయన్ను ఆరో ఆర్థిక సంఘం ఛైర్మన్‌గా నియమించింది.

ఆర్థిక సంఘం అంటే ఏంటి? కాగ్ ఖర్చయిపోయిన డబ్బుకు లెక్క చూస్తే.. ఆర్థిక సంఘం ముందుగానే లెక్క వేస్తుంది. రాజ్యాంగంలోని 280వ అధికరణ ప్రకారం ప్రతి ఐదేళ్లకోసారి దీన్ని వేస్తారు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత వాటా ఇవ్వాలి, దాన్ని రాష్ట్రాల మధ్య ఎలా పంచాలి, లోటులో ఉన్నవాళ్లకు ఎంత గ్రాంట్ ఇవ్వాలి అన్నది తేల్చేది ఇదే. రెండు పనులూ ఎంత దగ్గరివంటే, మూడో ఆర్థిక సంఘానికి ఛైర్మన్‌గా పనిచేసిన అశోక్ చందా అంతకుముందు దేశానికి కాగ్‌గా ఉన్నారు. నాలుగో సంఘానికి మద్రాసు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన పీవీ రాజమన్నార్ ఛైర్మన్. ఆ తర్వాత ఆ కుర్చీ ఎక్కిన తెలుగువారు బ్రహ్మానందరెడ్డి.

ఈ పని బయటికి కనిపించేంత సాదాసీదాది కాదు. ప్రతి రాష్ట్రం వచ్చే ఐదేళ్లకు తన ఆదాయం ఇంత, ఖర్చు ఇంత అని అంచనాలు పంపుతుంది. లోటు ఎక్కువ చూపిస్తే గ్రాంట్ ఎక్కువ వస్తుందని ఆశ. అందుకే ఆదాయాన్ని తగ్గించి, ఖర్చును పెంచి రాసే అలవాటు అన్ని రాష్ట్రాలకూ ఉండేది. కమిషన్ ఆ పద్దులను విప్పి చూడాలి. ఈ ఖర్చు నిజంగా అవసరమా? ఈ పన్ను ఎందుకు వసూలు కాలేదు? అప్పు తెచ్చి కట్టిన ప్రాజెక్టు మీద రాబడి ఎక్కడ? ఒకప్పుడు ఆర్థిక మంత్రిగా ఇలాంటి అంచనాలు తయారుచేయించిన మనిషికి, అందులో గాలి ఎక్కడుందో కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

విచిత్రం ఏంటంటే, ఆయన అన్ని రాష్ట్రాల లెక్కలు చూస్తున్న సమయంలోనే సొంత రాష్ట్రం మళ్లీ భగ్గుమంది. 1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. గుంటూరు, ఒంగోలు జిల్లాలూ అట్టుడికాయి. 1973 జనవరిలో పీవీ ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆరో ఆర్థిక సంఘం ఏం చెప్పింది?

1973 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. 1974 నుంచి 1979 వరకు వర్తించే సిఫార్సులవి. ముఖ్యమైనవి ఇవీ:

ఆదాయపు పన్నులో రాష్ట్రాల వాటాను 75 శాతం నుంచి 80 శాతానికి పెంచారు.

కేంద్ర ఎక్సైజ్ సుంకంలో 20 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలన్నారు. ఈ డబ్బును పంచేటప్పుడు వెనకబాటుకు ఇచ్చే వెయిటేజీని 20 శాతం నుంచి 25 శాతానికి పెంచారు. మిగతా 75 శాతం జనాభా ప్రకారం పంచారు. తలసరి ఆదాయంలో అందరికంటే ముందున్న రాష్ట్రానికి ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ వాటా. ఈ దూరం లెక్క కొద్దిమార్పులతో ఆ తర్వాతి ఆర్థిక సంఘాల్లోనూ కనిపిస్తుంది.

అప్పటికి ఉన్న 21 రాష్ట్రాల్లో 14 రాష్ట్రాలకు ఐదేళ్లకు కలిపి సుమారు 2,510 కోట్ల గ్రాంట్లు సిఫార్సు చేశారు. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో ఉంది. మహారాష్ట్ర, తమిళనాడు, పంజాబ్, కర్ణాటక లాంటివి లేవు. వెనకబడిన రాష్ట్రాల్లో పాలనా ప్రమాణాలు మిగతావాటి స్థాయికి రావడానికి అయ్యే ఖర్చును కూడా లెక్కలోకి తీసుకున్నారు.

అన్నింటికంటే ముఖ్యమైనది అప్పుల విషయం. కేంద్రానికి రాష్ట్రాలు బాకీపడ్డ మొత్తాన్ని ఇంత లోతుగా చూడమని ఒక ఆర్థిక సంఘానికి అప్పగించడం అదే మొదటిసారి. కిస్తీల గడువులు మార్చి, ఐదేళ్లలో దాదాపు 1,970 కోట్ల మేర రాష్ట్రాలకు ఊరట ఇచ్చేలా సిఫార్సు చేశారు. సాగర్ లాంటి ప్రాజెక్టులకు అప్పుచేసి, వడ్డీ కట్టలేక అవస్థపడిన రాష్ట్రాన్ని నడిపిన మనిషి సంతకం ఈ నివేదిక కింద ఉండటం గమనించాల్సిన విషయం.

విమర్శలు లేవా అంటే ఉన్నాయి. లోటు ఎంత ఉంటే గ్రాంట్ అంత అనే పద్ధతి ఈ సంఘంతో మొదలవలేదు, దీంతో ఆగలేదు కూడా. పొదుపుగా నడుపుకున్న రాష్ట్రానికి ఏమీ రాదు.. దుబారా చేసిన రాష్ట్రానికి లోటు పేరుతో డబ్బొస్తుంది. ఇది ఆర్థికవేత్తలు చాలాకాలం చెప్పిన అభ్యంతరం. రాజకీయ నాయకుడు ఛైర్మన్ అయితే సాటి రాజకీయ నాయకుల కష్టాలే ఎక్కువగా కనిపిస్తాయన్నది ఇంకో వాదన.

తుపానుకు డబ్బెవరిది?

పత్తి, మిర్చి రైతుకు నేరుగా తగిలే అంశం ఒకటి ఈ కమిషన్ ముందుకొచ్చింది. కరవు, వరద, తుపాను వస్తే సాయం ఖర్చు ఎవరు భరించాలి? కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒక జాతీయ నిధి పెట్టుకోవచ్చా అన్నది ప్రశ్న. ఆ ఆలోచనకు కమిషన్ ఒప్పుకోలేదు. నష్టం జరిగాక డబ్బు పంచడం కంటే, కరవు ప్రాంతాల్లో నీటి పనులు, వరద ప్రాంతాల్లో రక్షణ పనులు ప్రణాళికలోనే పెట్టుకుని చేయాలన్నది దాని ఆలోచన.

వినడానికి బాగానే ఉంది. కానీ విపత్తు ప్రణాళిక చూసుకుని రాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది ప్రాణాలు పోయాయి. కృష్ణా, గుంటూరు తీరాలు శ్మశానాలయ్యాయి. చివరికి తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో 1990 నుంచి ప్రతి రాష్ట్రానికీ విపత్తు సహాయ నిధి వచ్చింది. కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. కళ్లాల్లో ఆరబోసిన మిర్చి తుపాను వానకు తడిసి నల్లబడినప్పుడు, పత్తి చేలోనే కారిపోయినప్పుడు రైతుకు వచ్చే సాయం తాలూకు మూలాలు వెతికితే ఈ ఆర్థిక సంఘాల నివేదికల దగ్గరే తేలతాయి. ఈ ఒక్క విషయంలో ఆరో సంఘం అంచనా తప్పిందనే చెప్పాలి.

ఢిల్లీలో చివరి అంకం

ఆర్థిక సంఘం తర్వాత బ్రహ్మానందరెడ్డి 1974లో కేంద్ర మంత్రి అయ్యారు. మొదట కమ్యూనికేషన్లు, ఆ తర్వాత హోంశాఖ. ఎమర్జెన్సీ వచ్చినప్పుడు దేశ హోంమంత్రి ఆయనే. కానీ 1975 జూన్ 25 రాత్రి పొద్దుపోయాక పిలిచి చెప్పేదాకా హోంమంత్రికే విషయం తెలియదని షా కమిషన్ విచారణలో బయటపడింది. చెప్పాక ఆయన కాదనలేదు. ఆ మౌనం ఆయన రాజకీయ జీవితం మీద మచ్చగానే మిగిలింది.

1977లో కాంగ్రెస్ ఓడినా నరసరావుపేట ఆయన్ను లోక్‌సభకు పంపింది. అదే ఏడాది సిద్ధార్థ శంకర్ రేను ఓడించి ఏఐసీసీ అధ్యక్షుడయ్యారు. 1978 జనవరిలో పార్టీ చీలిపోయినప్పుడు ఇందిరాగాంధీని పార్టీ నుంచి బహిష్కరించింది ఆయన నాయకత్వమే. రెండు నెలలు తిరక్కముందే ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ ఘనవిజయం సాధించింది. రెడ్డి కాంగ్రెస్‌కు దక్కినవి 30 సీట్లే. తర్వాత ఆయన మళ్లీ ఇందిర గూటికే చేరారు. 1988 నుంచి 1990 వరకు మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు. 1994 మే 20న కన్నుమూశారు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవికి ఆయన పేరు పెట్టారు. 1998లో అది నేషనల్ పార్క్ అయింది.

ఇప్పుడెందుకు గుర్తుచేసుకోవాలి?

34.10 కోట్లా, 28.34 కోట్లా అన్న గొడవ జరిగి యాభై ఏళ్లు దాటింది. ఇప్పటి బడ్జెట్ల ముందు ఆ అంకెలు చిన్నవే. కానీ నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో నిధుల మాట అక్కడి నుంచే వచ్చింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయేదాకా అది సద్దుమణగలేదు. విడిపోయాక కూడా రెవెన్యూ లోటు ఎంత, ఆస్తులు ఎవరివి అంటూ రెండు రాష్ట్రాలూ లెక్కలేసుకుంటూనే ఉన్నాయి. పద్నాలుగో ఆర్థిక సంఘానికి తెలుగువారైన వైవీ రెడ్డి ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, ప్రత్యేక హోదా చర్చ అంతా ఆ నివేదిక చుట్టూనే తిరిగింది.

బ్రహ్మానందరెడ్డి మంచి ముఖ్యమంత్రా కాదా అన్నది నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఒకలా, ఉస్మానియా క్యాంపస్‌లో మరోలా వినిపిస్తుంది. రెండు చోట్లా కారణాలున్నాయి. ఆయన కెరీర్ మొత్తం చూస్తే మాత్రం ఒకటి అర్థమవుతుంది. ఏ ప్రాంతం డబ్బు ఏ ప్రాంతంలో ఖర్చయిందో ఏటా లెక్క తీసి, ఏటా జనం ముందు పెట్టి ఉంటే 1969లో ఢిల్లీ నుంచి ఆడిటర్ రావాల్సిన అవసరమే ఉండేది కాదు. పన్నెండేళ్ల లెక్క ఒక్కసారి బయటికొచ్చేసరికి, దానికి సమాధానం చెప్పడం ఏ ముఖ్యమంత్రి వల్లా కాలేదు.

ఆరో ఆర్థిక సంఘం ఛైర్మన్‌గా ఆయన మిగతా రాష్ట్రాలను అడిగిన ప్రశ్నలు, సీఎంగా తనను అడిగినవే. ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టారు, ఎవరికి చేరింది.. ఈ మూడు ప్రశ్నలు ఇవాళ అమరావతికి, హైదరాబాద్‌కు కూడా అలాగే వర్తిస్తాయి.